నెమరు రాని దుప్పిపిల్ల

బుగ్గవాగుకు ఇవతలి ఒడ్డున, తునికిచెట్ల మధ్య ఒక దుప్పుల మంద ఉండేది. ఆ మందలో అందరికంటే శుభ్రంగా ఉండే పిల్ల ఎవరని అడిగితే, ఎవరైనా సరే ఆలోచించకుండా దోరడి పేరే చెప్పేవాళ్ళు. అందులో వాడి గొప్పేమీ లేదు. గొప్పంతా వాళ్ళమ్మ చుక్కమ్మ నాలుకది. పొద్దున లేవగానే ఒకసారి నాకేది. మేతకు పోయేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి, ఒంటిమీద ఈగ వాలితే ఒకసారి, వాలబోతున్నట్టు అనుమానం వస్తే మరోసారి. వీడి వీపు మీది చుక్కలు ఏనాటికి అరిగిపోతాయా అని కాచుక్కూర్చున్న వాళ్ళు కూడా మందలో ఉన్నారు.

నాకడంతో ఆగి ఉంటే ఈ కథే లేదు.

దుప్పుల తిండి సంగతి మీకు తెలిసిందే. మేసేటప్పుడు గబగబా మింగేస్తాయి. ఆ తరవాత నీడన చేరి, మింగినదాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నములుతాయి. దాన్నే నెమరు అంటాం. ఏ పిల్లకైనా పాలు మానే వేళకల్లా అది వచ్చేస్తుంది. దోరడికీ వచ్చేదే. కానీ మొట్టమొదటిసారి నెమరు వేయబోయినప్పుడు వాడికి పొలమారింది. ఒక్క దగ్గు దగ్గాడు. ఆ ఒక్క దగ్గుకే చుక్కమ్మ గుండె ఆగినంత పనైంది.

"వద్దులే నాన్నా, నీకెందుకీ కష్టం? నేను లేనూ?" అంది.

ఆ రోజు నుంచి తనే మేసి, తనే నెమరేసి, మెత్తగా చేసి వాడి నోటికి అందించేది. వాడు మింగేవాడు. ఒక్క విషయం ఒప్పుకోవాలి. మింగడంలో మాత్రం ఆ అడవిలో వాడికి సాటి లేరు.

పక్కపొద దుప్పి గోగులమ్మ ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది. "వాడికి పళ్ళు దేనికొచ్చాయి వదినా, నవ్వడానికా?"

"నీకు నలుగురున్నారు. నాకు మిగిలింది వీడొక్కడే" అంది చుక్కమ్మ.

గోగులమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. చుక్కమ్మ తొలిచూలు పిల్లను రేసుకుక్కలు ఎత్తుకుపోయిన సంగతి మందలో అందరికీ తెలుసు. ఆ రోజు ఆమె లేత చిగుళ్ళు కనబడి పది అడుగులు పక్కకు జరిగింది. పదంటే పదే. అందుకే దోరడు పుట్టాక ఏనాడూ ఆమెకు పది అడుగుల అవతల నిలబడలేదు. నిలబడబోతే పిలిచేది. పిలిస్తే వచ్చేసేవాడు. మంచి పిల్లాడని అందరూ మెచ్చుకునేవాళ్ళు.

కొమ్ములు మొలకెత్తిన మగపిల్లలంతా వాగు అవతలి మిట్టకు చదువుకు పోవడం ఆ అడవిలో ఆచారం. అక్కడ ఒక ముసలి కణితి, దుప్పులకు పెద్దన్నలాంటి పెద్ద కొమ్ముల జింక, ఉండేవాడు. గాలి ఏ దిక్కు నుంచి ఏ వాసన తెస్తుందో, ఏ ఆకు జోలికి పోకూడదో, పులి జాడ తెలిస్తే ఎలా కూత పెట్టాలో రెండు వానాకాలాల పాటు నేర్పేవాడు. తల్లులు మాత్రం వాగు దాటకూడదు. తల్లి వాసన దగ్గరుంటే పిల్ల ముక్కు పని మానేస్తుందని కణితి పెట్టిన కట్టుబాటు అది.

దోరడి నుదుటి మీద రెండు బొడిపెలు లేచాయి. చుక్కమ్మ వాటిని నాకి అణచడానికి చూసిందని గోగులమ్మ చెబుతుంది గాని, గోగులమ్మ చెప్పేవన్నీ నమ్మక్కర్లేదు. చివరికి తొలకరికి ముందు ఒకనాడు, వాగులో నీళ్ళు మోకాలి లోతున ఉన్నప్పుడు, దోరడు బయలుదేరాడు.

ఒడ్డున చుక్కమ్మ జాగ్రత్తలు చెబుతూనే ఉంది. పరుగెత్తకు, ఆయాసం వస్తుంది. అందరికంటే ముందు నడవకు, అలాగని వెనకపడకు. మధ్యలో ఉండు. మధ్యలో ఉన్నా పక్కవాళ్ళ కొమ్ములు తగలనీయకు. కొత్తవాళ్ళతో మాట పెంచకు. అన్నీ చెప్పాక గుర్తొచ్చింది.

"నెమరు..." అని ఒక్క క్షణం ఆగింది. "ఆ, అదేముందిలే. ఊరు మారితే అదే వస్తుంది."

వెళ్ళే ముందు ఒక ఒప్పందం చేసుకున్నారు. రోజూ పొద్దు వాలే వేళకు ఆమె ఈ ఒడ్డున నిలబడి "తిన్నావా?" అని కేక వేస్తుంది. వాడు ఆ ఒడ్డున నిలబడి జవాబు చెప్పాలి. జవాబు రాకపోతే కట్టుబాటూ లేదు, కణితీ లేడు, వాగు దాటి వచ్చేస్తుంది.

మిట్ట మీద మొదటిరోజు సాయంత్రం ఆ కేక వినిపించగానే తోటిపిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాలుగోరోజుకల్లా వాళ్ళే దోరడికి గుర్తు చేయడం మొదలుపెట్టారు. "ఒరే, నీ కడుపు లెక్క అడిగే వేళైంది, పో." ఎగతాళే గాని, అందులో కడుపుమంట లేదు. వాళ్ళ తల్లులు అడగడం లేదన్న చిన్న దిగులు కూడా ఉండేది కొందరికి.

అసలు చిక్కు మధ్యాహ్నం వచ్చేది. ఎండ నడినెత్తికి రాగానే పిల్లలంతా పెద్ద మద్దిచెట్టు నీడన చుట్టూ చేరి నెమరు వేసేవాళ్ళు. నెమరు వేసేటప్పుడు నోరు ఖాళీగా ఉండదు గనక మాటలు సగం సగంగా, నెమ్మదిగా వస్తాయి. ఎవరూ ఎవరి మొహంలోకీ చూడరు. అందుకే చెప్పలేని మాటలన్నీ అప్పుడే బయటపడేవి. చిరుత వాసనకు తన కాళ్ళు చచ్చుబడ్డాయని ఒకడు ఒప్పుకునేవాడు. తెల్లారగట్ల అమ్మ గుర్తొచ్చి ఏడ్చానని ఇంకొకడు అనేవాడు. మిగతావాళ్ళు నములుతూ "ఊఁ" అనేవాళ్ళు. అంతే. ఆ "ఊఁ"తోనే సగం బరువు దిగిపోయేది.

దోరడు ఆ చుట్టులో కూర్చోలేదు. పుట్టుకతో దుప్పి అయినవాడు నెమరు రాదని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు? బండరాయి వెనకకు పోయి, ఎవరైనా చూస్తే అనుమానం రాకుండా ఖాళీ నోరు ఆడించేవాడు. పొద్దున మింగిన గడ్డి మింగినట్టే కడుపులో ఉండిపోయేది. దాని మీద సాయంత్రం గడ్డి. దాని మీద మర్నాటిది. గడ్డితో పాటు, గాలి పాఠంలో తప్పు చెప్పినప్పుడు వినబడ్డ నవ్వులు కూడా. వాడు అన్నీ మింగాడు. వాడికి వచ్చిన విద్య అదొక్కటే.

బొండడని ఒక లావుపాటి పిల్లాడు రెండుసార్లు పిలిచాడు. "రారా, ఇటు కూర్చో, నీడ ఇక్కడ బాగుంది." దోరడు తనకు రాయి పక్కనే బాగుందన్నాడు. మూడోసారి బొండడు పిలవలేదు.

కణితి పాఠం అయ్యాక "అర్థమైందా?" అని అడిగేవాడు. దోరడు అందరికంటే ముందు "అయింది తాతా" అనేవాడు. అల్లరి చేయని పిల్లలకు బాధలేమీ ఉండవని కణితి లెక్క. దోరడు చాలా బుద్ధిమంతుడని ఇద్దరు ముగ్గురి దగ్గర అన్నాడు కూడా.

మూడోవారానికి కడుపులో రాయి పెట్టుకున్నట్టయింది దోరడికి. ఇక అమ్మకు చెప్పేద్దామనుకున్నాడు. అప్పటికి వానలు పట్టుకున్నాయి. వాగు ఎర్రగా, రెండు ఒడ్లూ తన్నుకుంటూ పారుతోంది.

"దోరా, తిన్నావా?"

"అమ్మా, తిన్నది..."

"తినలేదా? ఏమైంది? ఒంట్లో బాగాలేదా? ఉండు నాన్నా, వచ్చేస్తున్నా."

అంటూనే చుక్కమ్మ ముంగాళ్ళు నీళ్ళలోకి దింపింది. వాగు ఆమెను ఎండుకొమ్మను తిప్పినట్టు గిర్రున తిప్పింది. తల మునిగి, తేలి, మళ్ళీ మునిగింది. అవతలి ఒడ్డున దోరడు ఎన్నడూ పెట్టనంత గట్టిగా కేక పెట్టాడు.

"తిన్నానమ్మా! కడుపునిండా తిన్నా, నువ్వు వెనక్కి పో!"

ఆమె ఎలాగో ఒక వేరు పట్టు దొరికించుకుని ఒడ్డెక్కింది. ఒళ్ళు విదిలించుకుని, రొప్పు తగ్గాక, "అలా చెప్పు మరి, ఊరికే భయపెట్టేశావు" అంది.

ఆ సాయంత్రం దోరడు మిట్ట మీద నేర్చుకున్నది ఒక్కటే. నిజం చెబితే అమ్మ వాగులో పడుతుంది.

ఆ తరవాత వాడు మూడు మాటలే చెప్పాడు. "తిన్నానమ్మా." "కడుపునిండా తిన్నా." "పడుకుంటున్నా." వాటిని తిప్పి తిప్పి అవే. చుక్కమ్మకు అవి చాలు. ఆమె అడిగేదీ అంతే గదా.

ఆ మద్దిచెట్టు మీద ఒక గోరింక ఉండేవాడు. వాడికి డెబ్భై గొంతులు వచ్చు. చిలకలా పిలిచి చిలకలను పిచ్చెక్కించేవాడు. కణితిలా దగ్గి, పాఠం వేళైందనుకుని పిల్లలు పరుగెత్తుకొస్తే ఆకుల చాటున నవ్వుకునేవాడు. ఒక్కటే లోపం. ఎవరి గొంతుతోనైనా, వాళ్ళు అనగా విన్నదే అనగలడు. వాళ్ళు అననిదాన్ని కల్పించి అనడం వాడి చేతకాదు. ఇన్ని గొంతుల మధ్య తన సొంత గొంతు వాడే అవసరం వాడికి పెద్దగా పడలేదు.

వానాకాలం సగమయ్యేసరికి దోరడి గొంతు సన్నబడింది. ఒకనాడు వాడి జవాబు సగం వాగు కూడా దాటలేదు. చుక్కమ్మ మూడుసార్లు పిలిచింది. నాలుగోసారి పిలవకుండా నీళ్ళ దగ్గరకు దిగింది. అప్పుడు గోరింక సరదాకి, అచ్చం దోరడి మంచిరోజుల గొంతుతో "తిన్నానమ్మా, కడుపునిండా తిన్నా" అన్నాడు. చుక్కమ్మ ఆగింది, తోకాడించింది, వెనక్కి వెళ్ళిపోయింది.

దోరడు తలెత్తి చెట్టువైపు చాలాసేపు చూశాడు.

"మావా, ఇలా రోజూ చెప్పగలవా?"

"చెప్పడానికేముంది అల్లుడూ, మూడు ముక్కలేగా. మరి నువ్వేం చేస్తావు?"

"నాకు నిద్రొస్తోంది."

"ఓరి నీ చదువు తగలెయ్య. సరే, పడుకో."

"అమ్మకు చెప్పకు మావా."

"నేను చెప్పబోయేది మీ అమ్మకే గదరా" అని గోరింక తన హాస్యానికి తనే నవ్వాడు.

ఆ రోజు నుంచి మిట్ట మీది నుంచి రోజూ ఠంచనుగా జవాబు వచ్చేది, గంట కొట్టినట్టు ఖంగున. చుక్కమ్మ మందలో అందరినీ నిలబెట్టి వినిపించేది. మావాడి గొంతు విన్నారా, మిట్టగాలి వాడికి ఎంత పడిందో చూశారా అని మురిసిపోయేది. ఆమె కూడా వేళకు తినడం మొదలుపెట్టింది. తొలిపిల్ల పోయిన తరవాత మొదటిసారి, నిద్రలో ఉలిక్కిపడకుండా పడుకుంది. గోగులమ్మ అది చూసి కళ్ళు తుడుచుకుంది.

బండ వెనక దోరడు పాఠాలకు లేవడం మానేశాడు. డొక్కలు లోపలికి పోయి, పొట్ట మాత్రం బిగిసిన డోలులా ఉబ్బింది. గోరింక ఒకటి రెండుసార్లు కిందికి దిగి, ఏరా అల్లుడూ ఎలా ఉన్నావని అడిగాడు. బాగానే ఉన్నానన్నాడు. గోరింకకు ఎక్కడో గుచ్చుకుంది. ఎవరితోనైనా ఈ మాట అందామనుకున్నాడు. అనడానికి తన సొంత గొంతు కావాలి. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

వానలు వెలిశాయి. వాగు మళ్ళీ మోకాలి లోతుకు దిగింది. ఒక సాయంత్రం చుక్కమ్మ మనసు ఎంత తేలికగా ఉందంటే, జవాబు విన్నాక కూడా ఇంకాస్త మాట్లాడాలనిపించింది.

"దోరా, స్నేహితులెవరైనా దొరికారురా?"

అవతల నుంచి కాసేపు ఏమీ రాలేదు. తరవాత, "కడుపునిండా తిన్నా."

చుక్కమ్మ నవ్వింది. "అది కాదురా. నీకక్కడ ఎలా ఉంది? మనసు పట్టిందా?"

"తిన్నానమ్మా."

ఆమె నవ్వు ఆగిపోయింది. "దోరా, నేను గుర్తొస్తున్నానా?"

మద్దిచెట్టు మీద గోరింక ముక్కు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ ప్రశ్నకు దోరడు జవాబు చెప్పగా వాడు ఏనాడూ వినలేదు. ఆ ప్రశ్న ఎవరూ అడగనేలేదు మరి. చివరికి దిక్కుతోచక, "పడుకుంటున్నా" అన్నాడు.

కట్టుబాటు సంగతి చుక్కమ్మకు గుర్తులేదు. ఒక్క దూకున వాగు దాటింది.

దోరడు బండ వెనక పక్కకు ఒరిగి ఉన్నాడు. తల్లి వాసనకు కళ్ళు తెరిచాడు. "వాగు తగ్గిందా అమ్మా?" అని అడిగాడు.

ఆమెకు తెలిసిన పని ఒక్కటే. లేత గరిక కొరికి, నమిలి, మెత్తగా చేసి వాడి నోటి దగ్గర పెట్టింది. వాడు అమ్మ మొహంలోకి చూసి, ఎప్పటిలాగే, అది కూడా మింగాడు. ఆమె మళ్ళీ పెట్టింది. తెల్లవార్లూ పెడుతూనే ఉంది. వద్దని ఒక్కసారి కూడా అనలేదు వాడు.

పొద్దున్నే కణితి వచ్చి చూశాడు. చూడగానే ఆయనకు అర్థమైంది, ఎంత ఆలస్యంగా అర్థమైందో కూడా.

"ఇంక పెట్టకమ్మా. లోపలున్నది పైకి రావాలి" అన్నాడు.

"నాలుగు ముద్దలు తింటే లేచి కూర్చుంటాడు" అంది చుక్కమ్మ.

"వాడికి నెమరు నేర్పావా?"

ఆమె తల వంచుకుంది. కణితి ఇంకేమీ అడగలేదు. నాలుగు నెలలు కళ్ళెదుట పెట్టుకుని తనెందుకు చూడలేదని ఆయన్నూ ఎవరూ అడగలేదు. ఆయనే అడుక్కుంటూ నిలబడ్డాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ రోజు పిల్లలెవరూ మద్దిచెట్టు కిందికి పోలేదు. బండ చుట్టూ, ఎండలోనే, దోరడి చుట్టూ కూర్చున్నారు. బొండడే నములుతూ, ఎటో చూస్తూ అన్నాడు.

"నాకూ మొదట్లో రాలేదురా. వారం రోజులు ఖాళీ నోరే ఆడించా. పొలమారి చచ్చేవాణ్ణి. వీళ్ళంతా చూసి నవ్వారు, తరవాత నేర్పారు."

దోరడు మెల్లగా తల తిప్పాడు.

"నువ్వూనా?"

"నేనే కాదు, వాణ్ణడుగు. వీణ్ణడుగు."

ఇద్దరు ముగ్గురు నములుతూనే "ఊఁ" అన్నారు. మిట్ట మీదికి వచ్చాక దోరడు తోటిపిల్లల్ని తనంతట తాను అడిగిన మొదటి మాట ఆ "నువ్వూనా?" ఒక్కటే. వాడి గొంతు దగ్గర కండరం కదిలింది. ఏదో ఒకటి పైకి వచ్చింది. పొలమారింది. చుక్కమ్మ ఒక్కసారిగా ముందుకు రాబోయి, కణితి మొహం చూసి ఆగింది. దోరడు రెండుసార్లు నమిలాడు. నిజంగానే నమిలాడు. బొండడికి వాడు నవ్వినట్టు కూడా అనిపించింది.

మూడోసారి నమలడానికి వాడికి ఓపిక లేకపోయింది. బండ నీడ వాడి మీదికి తిరిగేసరికే వాడు లేడు.

చుక్కమ్మ ఆ సాయంత్రం ఇంటిదారి పట్టలేదు. మద్దిచెట్టు కింద నిలబడింది. రోజూ కేక వేసే వేళ అయింది. చెట్టు మీద గోరింక రెక్కల్లో తల దాచుకున్నాడు.

"వాడి గొంతు నీ దగ్గరుందటగా, పిల్లలు చెప్పారు" అంది ఆమె.

"అక్కా, నేను ఆటనుకున్నాను." అది వాడి సొంత గొంతు. బొంగురుగా, అలవాటు లేనట్టుగా ఉంది.

"నిన్ను తిట్టడానికి రాలేదు. ఆ మూడు మాటలూ కాక వాడు నాతో ఇంకేమైనా అన్నాడా?"

గోరింక కింది కొమ్మకు దిగాడు.

"ఒకటుందక్కా. సగమే ఉంది."

"ఆ సగమే వినిపించు."

గోరింక గొంతు సవరించుకున్నాడు. మద్దిచెట్టు మీది నుంచి దోరడి గొంతు, వానల నాటి గొంతు, కాస్త బెదురుతూ వచ్చింది.

"అమ్మా, తిన్నది..."

అక్కడ ఆగిపోయింది.

"తరవాత?" అంది చుక్కమ్మ.

"తరవాత నీ గొంతు వినిపించింది అక్కా" అన్నాడు గోరింక.

ఇప్పటికీ బుగ్గవాగు ఒడ్డున పొద్దు వాలే వేళకు తల్లులు వచ్చి నిలబడతారు. ఒక్క కేక వేస్తారు. వేసి ఊరుకుంటారు. అవతలి నుంచి మాట మొదలై, తడబడి, ఆగి, మళ్ళీ మొదలై, మొత్తం వచ్చేదాకా ఎవరూ నోరు మెదపరు. కొత్తగా వచ్చిన తల్లి ఎవరైనా ఆత్రంగా మధ్యలో అందుకోబోతే, పక్కనే నిలబడ్డ ఒక ముసలి దుప్పి భుజంతో మెల్లగా నెట్టి ఆపుతుంది.

బిడ్డ కడుపు నిండిందా అని అడిగినవాళ్ళు, ఆ కడుపులో ఏముందో బిడ్డ చెప్పేదాకా ఆగాలి.